భోగిపండ్లు

ధనుర్మాసము ప్రవేశించిన పది దినములకు మా కేంద్రమునకు ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినామె రాజమహేంద్రవరములో నాలుగంతస్తుల భవనమున మూడవ అంతస్తులో కాపురమున్నది. ఆమెకు మూడేండ్ల కుమార్తె. "మాకు వాకిలి లేదు, పెరడు లేదు. మా అత్తగారు పోయిన వేసవిలో కాలం చేశారు. భోగిపళ్ళు పోసేటప్పుడు ఆవిడ ఏదో పాట పాడేవారు. అది నాకు రాదు. పాప ఇప్పుడే ప్రతిదానికీ ఎందుకని అడుగుతోంది. తెలియని పని చెయ్యడం కంటే మానెయ్యడం మంచిదేమో చెప్పండి" అని ఆ ఉత్తరము.

ఉత్తరములకు జవాబు చెప్పు కార్యక్రమములో ఒక్కొక్క ఉత్తరమునకు రెండు నిమిషములకు మించి వ్యవధి యుండదు. ఇది రెండు నిమిషములలో తెమలు ప్రశ్న కాదు. 'తెలియని పని' అని ఆమె వ్రాసిన మాట మా మనసున నాటుకొన్నది. తరతరములుగా చేయుచున్న పనియే యైనను, దాని పూర్వోత్తరములను విచారించినవారు మన యిండ్లలో తక్కువ. అందుచేత ఆ ఉత్తరమును ఆధారము చేసికొని ఈ ప్రసంగమును సిద్ధపరచితిమి.

ఎరుగనివారి కొరకు ముందుగా జరుగు విధము చెప్పెదము. భోగినాడు తెల్లవారుజామున మంట, పిమ్మట తలంటు, క్రొత్తబట్ట. సాయంకాలము ప్రొద్దు వాలుచుండగా బిడ్డను తూర్పు ముఖముగా పీటపై కూర్చుండబెట్టుదురు. పీట చుట్టును చాపయో దుప్పటియో పరచవలెను. లేకున్న పండ్లు మంచముల క్రిందికి దొరలి కనుమ వరకు కాళ్ళకు తగులుచుండును. పళ్ళెములో రేగుపండ్లు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, నానిన శనగలు, కొన్ని నాణెములు కలిపి యుంతురు. మొదట తల్లి, తరువాత అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త, ఇరుగుపొరుగు పేరంటాండ్రు ఒక్కొక్కరుగా వచ్చి, గుప్పిళ్ళు నింపుకొని, బిడ్డ తలచుట్టును మూడుమారులు త్రిప్పి నడినెత్తిన జారవిడుతురు. పిదప హారతి, వచ్చిన వారికి పసుపు, కుంకుమ, తాంబూలము, శనగలు. ఇంతే. పురోహితుడు లేడు, మంత్రము లేదు. సాధారణముగా ఐదేండ్ల లోపు పిల్లలకు పోయుదురు. కొన్ని యిండ్లలో పండ్రెండేండ్ల వరకు పోయుటయు కలదు. దిష్టి తీసిన పండ్లు గనుక వానిని తినరాదని పెద్దలు చెప్పుదురు. నాణెములకు మాత్రము ఈ నిషేధము వర్తించినట్లు మా చిన్నతనమున మేమెన్నడును చూడలేదు.

పిల్లల కన్నులతో చూచిన యెడల ఇది మరొక విధముగా నుండును. పైకప్పు క్రింద, వాన లేని వేళ, పండ్లును పూలును డబ్బులును తలమీద కురియుట! ఏడాది పొడవునను 'క్రింద పారబోయకు' అని కసరు పెద్దవారే ఆ పూట నవ్వుచు పారబోయుదురు. చంకనెక్కి దిగని బిడ్డ కూడ రెండవ గుప్పిలికే భయము మాని మూడవదాని కొరకు తల యెత్తి చూచును. ఆ తల యెత్తి చూచుట కొరకే ఈ వేడుక యంతయు ఏర్పడినదా యని మాకు తోచుచుండును.

ఈ వేడుకకు శాస్త్రాధారము వెదకువారు కొంత నిరాశపడక తప్పదు. మకర సంక్రమణమును గూర్చి ధర్మశాస్త్ర నిబంధములు చెప్పినది స్నానము, దానము, తిలలు. 1612 ప్రాంతమున కమలాకరభట్టు రచించిన నిర్ణయసింధువును మన పురోహితులు నేటికిని ప్రమాణముగా నుదహరింతురు; అందును సంక్రాంతి అనగా పుణ్యకాల నిర్ణయము, దానముల పట్టిక. భోగిపండ్లు ఆ త్రోవలో వచ్చినవి కావు. ఇవి స్త్రీల చేతులలో, వంటయింటి నుండి నట్టింటికి వచ్చిన ఆచారము. బదరికావనమున తపస్సు చేయుచున్న నరనారాయణులపై దేవతలు బదరీఫలములను కురిపించిరనియు, దానికిది గుర్తనియు ఒక కథ చెప్పుదురు. రేగు సూర్యునికి ప్రీతియైన పండనియు, అందుచేత దానిని అర్కఫలమందురనియు మరొక వివరణము. కథలు రెండును అందముగా నున్నవి. ఐనను ఆచారము ముందు, కథ వెనుక అని మా అభిప్రాయము.

ఎందుకనగా ఇది మన ఒక్కరి సొత్తు కాదు. మహారాష్ట్రమునందు సంక్రాంతికిని రథసప్తమికిని నడుమ పసివారికి నల్లబట్టలు తొడిగి, పంచదార పలుకుల నగలు పెట్టి, రేగుపండ్లు, చెరకు ముక్కలు, మరమరాలు తలపై పోయుదురు. దానిని 'బోర్‌న్హాణ్' అందురు. రేగుపండ్ల స్నానమని అర్థము. కన్నడ దేశమునను సంక్రాంతికి పిల్లల తలపై రేగుపండ్లు, చెరకు పోయు వాడుక కలదు. ఈ మూడు సీమలకును ఉమ్మడిగా నున్నది దక్కను మెట్టభూమి. నీరు పెట్టక, ఎరువు వేయక, ముండ్లకంపలో తానై మొలచి పుష్య మాసమునాటికి పండు చెట్టు రేగు. కావున ఈ వేడుక పుట్టిల్లు మెట్ట యనియు, డెల్టా దాని అత్తవారిల్లనియు మేము ఊహించుచున్నాము. ఇప్పటికిని వరిచేల నడుమ రేగుచెట్టు అరుదు. డెల్టాలోని పట్టణములకును గ్రామములకును రేగుపండ్లు మెట్ట వైపు నుండియే బుట్టలతో దిగుచుండును. మెట్టలో వానితో వడియములు కూడ పెట్టుదురు. గోదావరి వాసులు వానిని 'రేగొడియాలు' అని నోరూరుచు పలుకుదురు.

పండుగ నెలలో పసిపిల్లలకు సంబంధించిన మరొక భాగమునకు మాత్రము గ్రంథస్థమైన సాక్ష్యము కలదు. పదమూడవ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఆనాటి ప్రజలు పాడుకొను పదములను వరుసగా పేర్కొనుచు, తుమ్మెద పదములు, వెన్నెల పదములతో పాటు గొబ్బి పదములను కూడ చెప్పినాడు. పదునైదవ శతాబ్దిలో అన్నమాచార్యులు గొబ్బి వరుసలో సంకీర్తనము రచించినాడు. అనగా మన వాకిండ్లలో బాలికలు చప్పట్లు చరచుచు తిరుగు ఆ ఆటకు ఏడువందల యేండ్లకు పైబడిన పేరున్నది. మన కాలమున ఇట్టి పాటలను ఊరూర తిరిగి సేకరించినవారిలో రాజమహేంద్రవర ప్రాంతపు నేదునూరి గంగాధరముగారు ముఖ్యులు. ఆయన మిన్నేరు, పన్నీరు, సెలయేరు అను పేర్లతో ఆ పాటలను అచ్చు వేయించకున్న, వానిలో ఎన్ని మిగిలియుండెడివో చెప్పజాలము.

పండుగ తేదీయే నిలకడగా నున్నది కాదు. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21, 22 తేదీలలో. మన పంచాంగము నక్షత్రములను బట్టి లెక్కించును గనుక సంక్రమణము సుమారు డెబ్బది యేండ్లకొక దినము చొప్పున జరుగుచున్నది. రమారమి 1,700 సంవత్సరముల క్రిందట ఈ రెండును ఒకేనాడు పడెడివి. స్వామి వివేకానందుడు మకర సంక్రాంతినాడు జన్మించినాడు. ఆనాటి తేదీ 1863 జనవరి 12. నేడు సంక్రాంతి జనవరి 14ననో 15ననో వచ్చుచున్నది. పసివారికి ఈ లెక్కతో పని లేదు. చలి బాగుగా నున్నది, మంట వేయవలెను. వారికి తెలిసిన జ్యోతిషము అంతే.

ఇక గోదావరి మండలము ఈ పండుగకు చేర్చినదేమి? సంక్రాంతి అనగానే నిండిన గాదెలు, పొంగిన పాలు అని చెప్పుట మనకు అలవాటైనది. ఆ నిండుతనము ఈ సీమలో అంత పాతది కాదు. 1832-33లో నందన కరవు వచ్చినది. 1839 నవంబరులో కోరంగి తీరమున తుపాను విరుచుకొనిపడినది. 1821లో రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 7,38,000 పైచిలుకు. 1841 నాటికది 5,61,000కు పడిపోయినది. చచ్చినవారు చావగా, మిగిలినవారిలో పలువురు ఊళ్ళు విడిచిరి. ప్రక్కనే నిండు గోదావరి సముద్రమున కలియుచుండగా ఇట్లు జరిగినది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని ప్రారంభించి 1852లో ముగించినాడు. ఆయన చేతిక్రింద పనివాండ్రను కూడగట్టి ఆ కార్యమును నెరవేర్చినవాడు వీణెం వీరన్న. కాలువలు త్రవ్విన తరువాతనే మన మిప్పుడు తలచుకొను సంక్రాంతి, అనగా కళ్ళములు, గడ్డిమేటులు, అరిసెలకు క్రొత్తబియ్యము, చూరునకు వ్రేలాడదీసిన వరికంకుల కుచ్చు, దానిపై వ్రాలు పిచ్చుకలు, ఇవన్నియు ఇంటింటను ఏర్పడినవి.

కరవు దినములలో భోగిపండ్ల సంగతి యేమి? ఆ యేండ్లలో తల్లులు ఏమి చేసిరో ఏ కలెక్టరు నివేదికలోను వ్రాయబడదు. ఐనను ఒక్కటి గమనింపదగినది. పళ్ళెములోని వస్తువులలో ముఖ్యమైనది కొని తెచ్చునది కాదు. అరిసెలకు బియ్యము, బెల్లము, నెయ్యి కావలెను. రేగుపండునకు ముండ్లు గీచుకొను ఓపిక చాలును. ధనికుని కుమారునిపైనను కూలివాని కుమారునిపైనను రాలినది ఆ కంపలోని పండే. ఈ ఆచారము ఇన్ని కాలములు నిలిచియుండుటకు ఇదియే కారణమని మా ఊహ.

పిల్లలకు పండుగ మూడు దినములది కాదు, నెల దినములది. నెల పట్టిన నాటి నుండి తెల్లవారుజామున తల్లి ముగ్గు పెట్టుచుండగా, బిడ్డ కన్నులు నులుముకొనుచు వచ్చి గొబ్బెమ్మలపై గుమ్మడిపూవు గ్రుచ్చును. మరునాడు ఆ గొబ్బెమ్మలను గోడకు చిన్న చిన్న పిడకలుగా చరచి, ఎండిన పిమ్మట తాటికి గ్రుచ్చి దండలు కట్టుదురు. ఎవరి దండ వారిదే. అన్నదమ్ముల నడుమ పిడకల లెక్కపై జరిగిన తగవులు ఆస్తి తగవులకు తీసిపోవు. నెల యంతయు కూడబెట్టిన ఆ సంపదను భోగినాటి వేకువను తాటాకుల మంటలో తమ చేతులతో తామే వేసివేయుదురు! దానిలో వారికి విచారమేమియు లేకపోవుట మాకు నేటికిని ఆశ్చర్యము.

ఆ తెలవారుజామున వీధి మొదట చిడతల చప్పుడు వినబడును. హరిదాసు వచ్చుచున్నాడు. తలపై రాగి అక్షయపాత్ర, చేత తంబుర, కాళ్ళకు గజ్జెలు. ఇంటికి చేరు వరకు ఆ పాత్రను దించరాదనియు, దారిలో కీర్తన తప్ప మాటాడరాదనియు నియమము. బియ్యము పోయుటకు బిడ్డ చేయి అందదు; ఆయన మోకరించును. ఆ క్షణమున మూడేండ్ల బిడ్డ గుప్పెడు గింజలు పోయుచు ఆయన ముఖము లోనికి చూచును. ఆయన పలుకడు. ఆ మౌనము వలననే పిల్లలు ఆయనను మానవుడని నమ్మరు. మా చిన్నతనమున మేమొక హరిదాసును సాయంకాలము కిళ్ళీకొట్టు వద్ద సామాన్యముగ మాటాడుచుండగా చూచి రెండు దినములు ఎవరికిని చెప్పలేదు. చెప్పిన యెడల తమ్ముడు నమ్ముట మానునని భయము. ఇటీవల కొందరు మోటారు సైకిలుపై, మైకులో ముందే ముద్రించిన కీర్తనలతో వచ్చుచున్నారు. నడచి తిరుగుటకు ఓపిక లేనివారిని తప్పు పట్టలేము. కాని మైకు పలుకుచుండగా ఆయన మౌనము ఎవరికిని తెలియుట లేదు.

అన్ని దేశములలోను చలికాలపు నడుమ ఇట్టి అతిథి యొకడు కలడు. డచ్చివారి సెయింట్ నికొలస్ డిసెంబరు 5 రాత్రి వచ్చును. ఇటలీలో బెఫానా యను ముసలమ్మ జనవరి 6 తెల్లవారకముందే చీపురుపై వచ్చి బహుమతులు పెట్టి పోవును. ఫిన్లాండు దేశపు కథ మా వృత్తివారికి మరింత ఇష్టమైనది. అక్కడి పిల్లలకు కానుకలు తెచ్చు తాత పేరు యోలుపుక్కి. ఆయన ఇల్లెక్కడో చాలకాలము ఎవరును చెప్పలేదు. 1927లో ఆ దేశపు రేడియోలో పిల్లల కార్యక్రమము నడుపుచున్న మార్కస్ మామ, ఆయన అసలు పేరు మార్కస్ రౌతియో, తాత ఇల్లు కోర్వతుంతురి అను కొండపై నున్నదని ప్రసారము చేసినాడు. ఆ పేరులోని 'కోర్వ' అనగా చెవి. చెవి యాకారముగల కొండ గనుక పిల్లలు పలుకు మాటలన్నియు తాతకు వినబడునట! ఒక రేడియో ఉద్యోగి చెప్పిన చిరునామాను దేశమంతయు నేటికిని నమ్ముచున్నది. మన రేడియోలో 'అన్నయ్య', 'అక్కయ్య' అని పిల్లలు పిలుచుకొనిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు కూడ ఇట్టివారే. బాలానందము వినుచు, ఆ పెట్టెలో వారిద్దరు కూర్చుండియున్నారని వెనుకకు వెళ్ళి చూచిన పిల్లలు ఎందరో.

పళ్ళెములోని నాణెముల చరిత్ర కూడ చిన్నది కాదు. మా నాయనమ్మ భరిణెలో ఒక చిల్లుకానీ యుండెడిది. యుద్ధకాలమున రాగిని పొదుపు చేయుటకు 1943 మొదలు 1947 వరకు నడుమ చిల్లి పెట్టి ముద్రించిన కానీ అది. దారమునకు గ్రుచ్చుటకు వీలుగా నుండుటచే పిల్లలకు అదే ప్రీతి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. తరువాత అలల అంచుల అల్యూమినియపు బిళ్ళలు. గాలికి ఎగురునా అనునంత తేలికగా నుండి, తలపై పడినను బిడ్డకు నొప్పి తెలియనివి అవి. 2011 జూన్ 30తో పావలాయు అంతకు లోపలి నాణెములును చెల్లుబాటు కోల్పోయినవి. నేడు రూపాయి బిళ్ళలు పోయుచున్నారు. బొమ్మల కొలువును గూర్చి వేరుగా ప్రసంగింపవలెను గాని, ఇక్కడ ఇంతమాత్రము చెప్పెదము: మన జిల్లాలలో ఆ కొలువు సంక్రాంతికే; తమిళులకువలె దసరాకు కాదు. కొండపల్లి పొనికి బొమ్మలు, ఏటికొప్పాక అంకుడు కర్ర లక్కపిడతలు ఆ మెట్లపైకి చేరుట దీనివలననే.

ఇంతకును మా శ్రోత ప్రశ్నకు వత్తము. తేదీ జరిగినది, పంట కోత యంత్రము పాలైనది, ధాన్యము చేను నుండి తిన్నగా మిల్లునకు పోవుచున్నది, నాణెము మారినది, జిల్లాల పేర్లు 1925లో నొకసారియు 2022లో మరొకసారియు మారినవి. రేగుపండ్లలో కొందరు చాక్లెట్లు కలుపుచున్నారు. మాకు దానిపై పెద్ద ఫిర్యాదు లేదు, కాగితము చుట్టిన చాక్లెట్టు నడినెత్తిన పడిన టప్పుమను చప్పుడు తప్ప. మూడవ అంతస్తులో పీట వేయుటకు చోటున్న చాలును. ఎందుకు పోయుదురని పాప అడిగిన యెడల, 'నీకు దిష్టి తగలకుండ' అని చెప్పవచ్చును. దిష్టి అననేమి అని ఆమె మరల అడుగును. 'నిన్ను అందరును ముద్దుగా చూచిరి గదా, ఆ చూపుల బరువు దించుట' అని మా మామ్మగారు మాకు చెప్పిన జవాబు. అంతకంటె మంచిది మాకు ఇంతవరకు దొరకలేదు.

పాట సంగతి మిగిలినది. ఆ తల్లికి పంపుటకు ఒక పాటనైనను సేకరింపవలెనని గడచిన ధనుర్మాసము చివర మేము ధ్వని ముద్రణ యంత్రము తీసికొని కోనసీమలో కాలువ గట్టు మీది యొక గ్రామమునకు పోతిమి. అక్కడ ఎనుబదియేండ్లు దాటిన మామ్మగారొకరు భోగిపండ్ల పాటలు బాగుగా పాడుదురని విని యుంటిమి. ఆమె కోడలు మమ్ము వరండాలో కూర్చుండబెట్టి మజ్జిగ ఇచ్చినది. మాటల నడుమ తెలిసినది: మామ్మగారికి ఇరువదిరెండేండ్ల వయసున భర్త పోయినాడు. నాటి నుండి ఆమె ఏ పేరంటమునను పళ్ళెము ముట్టలేదు. తన బిడ్డకు గాని, మనుమలకు గాని, మునిమనుమలకు గాని ఆమె పండ్లు పోయలేదు. గది తలుపు వెనుక నిలుచుండి పాడెడిది. నట్టింట పేరంటాండ్రు పోసెడివారు.

మనము ఇంతసేపు ముచ్చటగా చెప్పుకొనిన వేడుకకు ఈ తలుపొకటి యున్నదని మరువరాదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించినది రాజమహేంద్రవరముననే. ఆ ఊరి చుట్టుప్రక్కల, అది జరిగిన పెక్కు దశాబ్దముల పిమ్మట, ఒక తల్లి తన బిడ్డ తలపై నాలుగు రేగుపండ్లు పోయుటకు చేయి చాపలేకపోయినది. చట్టమునకు అందినది పెండ్లి, పేరంటము అందలేదు.

యంత్రమును సరిచేసి, "పాడండి మామ్మగారూ" అంటిమి. ఆమె మా ముఖము చూచి, "ఖాళీ పీట మీద పాడమంటావేంటి బాబూ? అశుభం కాదూ?" అన్నది. బిడ్డ లేనిదే పాట రాదట. ఆ యింట పసివారు లేరు. మునిమనుమలందరును హైదరాబాదులోను అమెరికాలోను ఉన్నారు. కోడలు పాలేరు ఇంటికి కబురు పంపినది. ఆయన భార్య రెండేండ్ల పిల్లను చంకన వేసికొని వచ్చినది. పెరటి చెట్టు నుండి దోసెడు రేగుపండ్లు, నాలుగు బంతిపూలు పళ్ళెములో వచ్చినవి. పిల్లను పీటపై కూర్చుండబెట్టిరి. మామ్మగారు అలవాటుగా లేచి తలుపు వెనుకకు పోబోయినది.

కోడలు ఒక నిమిషము ఊరకున్నది. పిమ్మట పళ్ళెము తెచ్చి అత్తగారి యెదుట పట్టుకొన్నది. "మీరే పొయ్యండి అత్తయ్యగారూ" అన్నది. మామ్మగారు పాలేరు భార్య వైపు చూచినది. "పొయ్యండి మామ్మగారూ, మీ చెయ్యి చల్లన. మా బుజ్జిదానికేం కాదు" అన్నది ఆ పిల్ల తల్లి.

ఆ ధ్వని ముద్రణమును మా కేంద్రములో విన్నవారు ప్రసార యోగ్యము కాదనిరి. వారి మాట నిజమే. పాట రెండు చరణములు నడచి ఆగిపోయినది. ఆ వెనుక కొంతసేపు ఏమియు లేదు. తరువాత చాపపై రేగుపండ్లు పడిన చప్పుడు, ఒకటి రెండు గచ్చుపై దొరలి పోవుట, పిల్ల నవ్వు, దూరముగా కాలువపై ఎవరిదో పడవ ఇంజను. మరల మామ్మగారి గొంతు, ఈసారి పాట కాదు: "ఇంకోసారి పొయ్యనా?" అని పిల్లను అడుగుచున్నది. ఆ ముద్రణమును ఉన్నదున్నట్లుగా రాజమహేంద్రవరపు తల్లికి పంపితిమి.